ఫాసిజం: గడియ లోపలి నుంచి ఎవరు తీశారు?

మీరు అడిగినవి మూడు. ఫాసిజం అంటే నియంతృత్వానికి మరో పేరా? ముస్సోలినీనీ హిట్లర్‌నీ జనమే గెలిపించారా? ఆ మాటని ఇవాళ మన దగ్గర ఎవరికైనా వాడొచ్చా? చిక్కడపల్లి లైబ్రరీలో మీతో కలిసి చదువుకునేవాళ్ళలో ఒకరు రజాకార్లే అసలు ఫాసిస్టులన్నారని, ఒకరు ఎమర్జెన్సీ అన్నారని, ఇంకొకరు ఢిల్లీలో ఇప్పుడున్న కేంద్ర ప్రభుత్వం అన్నారని, వాదన టీ కొట్టు దాకా సాగినా తెగలేదని రాశారు.

మొదటి రెంటికీ జవాబు 'కాదు'. మూడోది తేలాలంటే ముందు కొలత కుదరాలి. ఇందిరా పార్కు ధర్నా చౌక్ దగ్గర కొన్నాళ్ళు నిలబడితే ప్రతి పార్టీ ఇంకో పార్టీని ఫాసిస్టు అనడం వినొచ్చు. హాస్టల్ వార్డెన్లూ, అపార్ట్‌మెంట్ అసోసియేషన్ ప్రెసిడెంట్లూ కూడా ఆ మాట పడుతూనే ఉంటారు. తిట్టుగా వాడుకుంటే పేచీ లేదు. కొలతగా వాడాలంటే మాత్రం 1919 నుంచి 1926 దాకా ఇటలీలో ఏది ముందు జరిగింది, ఏది తర్వాత జరిగింది అన్న వరస తెలియాలి.

ముందు పేరు సంగతి. లాటిన్‌లో 'ఫాస్కెస్' అంటే కర్రల మోపు. కొడుకుల చేత విడివిడిగా, తర్వాత మోపుగా కర్రలు విరిపించిన ముసలి తండ్రి కథ మనం చిన్న తరగతుల్లోనే విన్నాం. రోమన్ల మోపులో కర్రల మధ్య ఒక గొడ్డలి కూడా ఉండేది. అధికారి నడుస్తుంటే భటులు దాన్ని ముందు మోసుకెళ్ళేవారు. కర్ర కొట్టడానికి, గొడ్డలి తల తీయడానికి. ఇటాలియన్‌లో 'ఫాషో' అంటే మామూలుగా సంఘం, జట్టు. 1890లలో సిసిలీ రైతుకూలీలు పెట్టుకున్న వామపక్ష సంఘాలకీ అదే పేరు. కాబట్టి పేరులో సిద్ధాంతం వెతకడం దండగ.

1919 మార్చి 23న మిలాన్‌లో ముస్సోలినీ తన దళాన్ని ప్రారంభించాడు. అంతకు ఐదేళ్ళ ముందు అతను సోషలిస్టు పార్టీ పత్రికకి సంపాదకుడు. ఇటలీ ప్రపంచయుద్ధంలోకి దిగాలని వాదించినందుకు 1914లో పార్టీ బయటికి పంపింది. కొత్త దళం ప్రణాళికలో ఆడవాళ్ళకి ఓటు, 8 గంటల పని, యుద్ధంలో సంపాదించిన లాభాల స్వాధీనం లాంటివి ఉన్నాయి. ఈ కాగితం చూపించి ఫాసిజం వామపక్షమే అని వాదించేవాళ్ళు మీకు తప్పక తగులుతారు. వాళ్ళని ఒకటే అడగండి: ఆ ప్రణాళికతో 1919 నవంబర్ ఎన్నికల్లో ఎన్ని సీట్లొచ్చాయి? ఒక్కటీ రాలేదు. పార్టీ పెరిగింది ఏడాది తర్వాత, పూర్తిగా వేరే పని వల్ల.

ఆ పని జరిగిన చోటు ఉత్తర ఇటలీలోని పో నది మైదానం. బొలోన్యా, ఫెర్రారా ప్రాంతాలు. నల్గొండ, వరంగల్ జిల్లాల గడీల గురించి విన్నవాళ్ళకి ఇది అర్థం చేయించడం తేలిక. పెద్ద కమతాలు, వాటి మీద బతికే రోజుకూలీలు, కూలీలకి ఎర్రజెండా సంఘాలు. ఎంత కూలి ఇవ్వాలో, ఎంత భూమికి ఎంతమందిని పెట్టుకోవాలో సంఘమే చెప్పే స్థితి వచ్చింది. 1920 సెప్టెంబర్‌లో లక్షల మంది కార్మికులు ఫ్యాక్టరీలు ఆక్రమించుకున్నారు. ప్రధాని జొలిత్తీ సైన్యాన్ని పంపకుండా బేరసారాలతో సర్దాడు. ప్రభుత్వం మనల్ని కాపాడదని భూస్వాములు తేల్చుకున్నది అప్పుడే.

1920 నవంబర్ 21న బొలోన్యా నగర సభలో కొత్తగా గెలిచిన సోషలిస్టులు పదవి చేపడుతుంటే ఫాసిస్టు దళాలు దాడి చేశాయి. పదిమంది దాకా చనిపోయారు. అక్కడి నుంచి పద్ధతి స్థిరపడింది. చీకటి పడ్డాక పట్నం నుంచి లారీల్లో నల్లచొక్కాల జట్టు ఊరికి దిగుతుంది. కూలీసంఘం ఆఫీసు, సహకార దుకాణం, పార్టీ పత్రిక ప్రెస్సు తగలబడతాయి. సంఘం నాయకుణ్ణి ఇంట్లోంచి లాగి దుడ్డుకర్రతో కొడతారు, నోట్లో ఆముదం పోస్తారు. మనకి 'ఆముదం తాగిన మొహం' అంటే నవ్వులాట. అక్కడ అది శిక్ష. ఎక్కువగా పోస్తే విరేచనాలతో ఒంట్లో నీరంతా పోయి మనిషి చచ్చిపోవచ్చు. బతికినా ఊళ్ళో తలెత్తుకోలేడు. పైగా కత్తి లేదు, తుపాకి లేదు, కోర్టులో చూపించడానికి గాయం కూడా లేదు.

లారీలు, పెట్రోలు, జీతాలు చాలావరకు భూస్వాముల నుంచి వచ్చేవి. కొన్నిచోట్ల తుపాకులు, లారీలు సైన్యం డిపోల నుంచే వచ్చాయి. పోలీసులు ఆలస్యంగా వచ్చి దెబ్బలు తిన్నవాళ్ళనే పట్టుకుపోయేవారు. కోర్టుల్లో సోషలిస్టులకి జైలు, ఫాసిస్టులకి విడుదల. 1920 చివర్లో ఇరవై వేల చిల్లర ఉన్న సభ్యత్వం 1921 చివరికి రెండు లక్షలు దాటింది. ప్రణాళిక చదివి ఇంతమంది చేరలేదు. కొట్టినా ఏమీ కాదని తెలిశాక చేరారు.

ఫాసిజం ఆయువుపట్టు ఇదేనని నా అభిప్రాయం. ఒక పార్టీ దండు వీధిలో కొడుతుంది. రాజ్యం చేతిలో లాఠీ పెట్టుకుని చూస్తూ నిలబడుతుంది. కొన్నాళ్ళకి ఆ లాఠీని దండు చేతికే ఇస్తుంది. మామూలు నియంతకి ఇంత తతంగం అక్కర్లేదు, అతనికి సైన్యం ఉంది. ఫాసిస్టుకి మొదట సైన్యం ఉండదు, జనంలోంచి లేచిన గుంపు ఉంటుంది. ఆ గుంపుకి కోట గడియ లోపలి నుంచి ఎవరో తీయాలి.

గడియ మొదట తీసింది జొలిత్తీయే. 1921 మే ఎన్నికల్లో ఫాసిస్టులని తన కూటమిలో కలుపుకున్నాడు. వాళ్ళకి 35 సీట్లొచ్చాయి. పార్లమెంటుకి వస్తే మెత్తబడతారని అతని లెక్క. రెండోసారి తీసింది రాజు. 1922 అక్టోబర్ 28న ఫాసిస్టులు 'రోమ్ మీదికి నడక' మొదలుపెట్టారు. వానలో తడుస్తూ, సరైన ఆయుధాలు లేకుండా వచ్చిన ఆ గుంపుని ఆపడానికి రాజధానిలో సైన్యం సిద్ధంగానే ఉంది. ప్రధాని ఫక్తా మార్షల్ లా ఉత్తర్వు తయారుచేశాడు. విక్టర్ ఇమ్మాన్యుయేల్ రాజు సంతకం పెట్టనన్నాడు. ముస్సోలినీ ఆ రోజు రోమ్ దరిదాపుల్లో లేడు. మిలాన్‌లో కూర్చుని కబురు కోసం చూస్తున్నాడు. పిలుపు వచ్చాక రాత్రి రైలెక్కి 30వ తేదీ ఉదయం దిగాడు. నడిచి వచ్చి రాజధానిని పట్టుకున్నాడన్నది తర్వాత వాళ్ళే అల్లుకున్న పురాణం. మంత్రివర్గంలో ఫాసిస్టులు కొద్దిమందే, మిగతావాళ్ళు పాత పార్టీలవాళ్ళు. పార్లమెంటు 306-116తో విశ్వాసం ప్రకటించింది.

దీని పక్కన ఫిన్లాండ్‌ని పెట్టి చూస్తే సంతకం విలువ తెలుస్తుంది. 1932లో లాపువా ఉద్యమం అనే కమ్యూనిస్టు వ్యతిరేక తీవ్ర మితవాద దండు సాయుధులతో మాంత్సాలా అనే ఊళ్ళో మోహరించి ప్రభుత్వం దిగిపోవాలంది. అధ్యక్షుడు స్విన్‌హువుద్ మితవాది, కమ్యూనిస్టులంటే గిట్టనివాడు, ఆ ఉద్యమానికి ఒకప్పుడు దగ్గరివాడు కూడా. అయినా రేడియోలో మాట్లాడి ఇళ్ళకి పొమ్మన్నాడు. సైన్యం అతని మాట విన్నది, గుంపు కరిగిపోయింది. కమ్యూనిస్టులని అణచడానికి తాము పట్టుబట్టి తెప్పించిన చట్టం కిందే లాపువా ఉద్యమం నిషేధానికి గురైంది. ఫాసిస్టులని ఆపింది ప్రతిసారీ వామపక్షమే అనుకునేవాళ్ళు ఈ ఉదాహరణ దగ్గర ఆగాలి. సంప్రదాయ మితవాదులు తలుపు మూసుకున్న చోట వాళ్ళు లోపలికి రాలేదు.

ఇటలీలో తర్వాత ఏం జరిగిందో ఒక వరసలో చెబుతాను, పరీక్షకి కూడా పనికొస్తుంది. 1923 జనవరిలో దళాలని ప్రభుత్వ ఖర్చుతో నడిచే 'స్వచ్ఛంద సైన్యం'గా మార్చారు. దండు చేతికి లాఠీ ఇవ్వడం అంటే ఇదే. అదే ఏడాది అచెర్బో చట్టం: పావు వంతు ఓట్లు దాటి అందరికంటే ముందున్న జాబితాకి మూడింట రెండు వంతుల సీట్లు. 1924 ఏప్రిల్‌లో ఆ చట్టం కింద, కర్రల నీడలో ఎన్నికలు. మే 30న సోషలిస్టు సభ్యుడు మత్తెయోత్తీ ఆ ఎన్నికల అక్రమాలని సభలో ఏకరువు పెట్టాడు. జూన్ 10న అతన్ని కారులో ఎత్తుకుపోయి చంపారు. ప్రతిపక్షం సభ బహిష్కరించి రాజు కదులుతాడని ఎదురుచూసింది. రాజు కదల్లేదు. 1925 జనవరి 3న ముస్సోలినీ జరిగినదానికంతా బాధ్యత నాదేనని సభలోనే అన్నాడు, అన్నా ఎవరూ పట్టుకోలేదు. 1926 ముగిసేలోపు మిగతా పార్టీలు రద్దయ్యాయి, సమ్మె నేరమైంది, ప్రత్యేక కోర్టు వచ్చింది, కమ్యూనిస్టు నాయకుడు గ్రామ్షీ జైలుకి వెళ్ళాడు. 1931లో యూనివర్సిటీ ప్రొఫెసర్లని విధేయతా ప్రమాణం చెయ్యమంటే సుమారు 1,200 మందిలో కాదన్నవాళ్ళు డజను మంది. అధికారంలోకి వచ్చిన రోజుకీ నియంతృత్వం పూర్తయిన రోజుకీ మధ్య నాలుగేళ్ళున్నాయి. ఆ నాలుగేళ్ళలో ఏ రోజు చూసినా 'ఇంకా పార్లమెంటు ఉంది కదా' అనుకునే వీలుంది.

జర్మనీ కథ మీకు తెలిసిందే, అంకెలు మాత్రం గుర్తుంచుకోండి. నాజీలకి 1928లో 2.6 శాతం. ఆర్థికమాంద్యం తర్వాత 1930లో 18.3, 1932 జులైలో 37.3, అదే ఏడాది నవంబర్‌లో 33.1. స్వేచ్ఛగా జరిగిన ఏ ఎన్నికలోనూ సగం రాలేదు, చివరిదాంట్లో తగ్గాయి కూడా. తగ్గినవాడిని పిలిచి 1933 జనవరి 30న ఛాన్సలర్‌ని చేసింది అధ్యక్షుడు హిండెన్‌బర్గ్. ఒప్పించింది మాజీ ఛాన్సలర్ ఫాన్ పాపెన్. మంత్రివర్గంలో హిట్లర్ కాక ఇద్దరే నాజీలు కదా, గుప్పిట్లో ఉంటాడనుకున్నారు. అంతకు మూడేళ్ళ ముందు నుంచే అక్కడి పాలన రాజ్యాంగంలోని 48వ అధికరణం కింద అత్యవసర ఉత్తర్వులతో నడుస్తోంది. పార్లమెంటు లేకుండా పాలించడం అలవాటైన దేశమే హిట్లర్ చేతికొచ్చింది.

వీధికీ కోర్టుకీ ఉన్న లంకె ఇక్కడ ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. 1923 తిరుగుబాటుకి హిట్లర్‌కి పడింది ఐదేళ్ళు, ఉన్నది ఏడాది కూడా కాదు. 1932 ఆగస్టులో పొటెంపా అనే ఊళ్ళో నాజీ దళసభ్యులు ఒక కమ్యూనిస్టు కార్మికుణ్ణి అతని తల్లి కళ్ళముందే తొక్కి చంపారు. కోర్టు ఐదుగురికి మరణశిక్ష వేసింది. హిట్లర్ బహిరంగంగా హంతకుల పక్షాన టెలిగ్రాం ఇచ్చాడు. పాపెన్ ప్రభుత్వం శిక్షని యావజ్జీవానికి తగ్గించింది. 1933 మార్చిలో వాళ్ళు బయటికొచ్చారు. దానికి నెల ముందు, ఫిబ్రవరిలో, నాజీ మంత్రి గోరింగ్ ప్రష్యా రాష్ట్రంలో నాజీ దళాలని సహాయక పోలీసులుగా చేర్చుకున్నాడు. నిన్నటిదాకా రాళ్ళు వేసినవాడి చేతికి పోలీసు పట్టీ వచ్చింది. ఫిబ్రవరి 27న పార్లమెంటు భవనం తగలబడింది, 28న పౌరహక్కులు రద్దయ్యాయి, మార్చి 23న అధికారాలన్నీ హిట్లర్‌కి అప్పగించే చట్టం 444-94తో గెలిచింది. ఆ 94 సోషల్ డెమోక్రాట్లవే. కమ్యూనిస్టు సభ్యులని అసలు సభలోకే రానివ్వలేదు.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్న. పోర్చుగల్‌లో సలజార్ నియంతే, కానీ అక్కడి నీలిచొక్కాల ఫాసిస్టులని 1934లో అతనే నిషేధించాడు. రుమేనియాలో మార్షల్ ఆంటొనెస్కు 'ఐరన్ గార్డ్' దళాన్ని 1941 జనవరిలో సైన్యంతో అణిచాడు. ఇద్దరూ ఎవరికీ మంచివాళ్ళు కారు, ఆంటొనెస్కు లక్షల యూదుల చావుకి కారకుడు. అయినా వాళ్ళకి కావలసింది జనం నోరు మూసుకుని ఇంట్లో ఉండటం. ఫాసిస్టుకి జనం వీధిలో ఉండాలి, చెయ్యెత్తాలి, చప్పట్లు కొట్టాలి.

నిర్వచనాలు పుస్తకాల్లో బోలెడున్నాయి. పనికొచ్చేవి మూడు. 1935లో కమ్యూనిస్టు ఇంటర్నేషనల్ (మాస్కో కేంద్రంగా నడిచిన ప్రపంచ కమ్యూనిస్టు పార్టీల సంఘం) వేదిక మీద బల్గేరియా నాయకుడు దిమిత్రోవ్ చదివింది మన సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో ఏ సభకి వెళ్ళినా వినబడుతుంది: ఆర్థిక పెట్టుబడిలోని అత్యంత అభివృద్ధి నిరోధక శక్తుల బాహాట టెర్రరిస్టు నియంతృత్వం. ఎవరికి లాభమో ఇది చెబుతుంది, మామూలు మనిషి ఎందుకు చేరాడో చెప్పదు. చరిత్రకారుడు రోజర్ గ్రిఫిన్ ఆ రెండోది పట్టుకున్నాడు: మన జాతి పడిపోయింది, లోపలి శత్రువు పడగొట్టాడు, ప్రక్షాళన చేస్తే మళ్ళీ పుడుతుంది అనే కథ. ఇంకో చరిత్రకారుడు రాబర్ట్ పాక్స్టన్, సిద్ధాంతం కంటే దశలు చూడమన్నాడు: ఉద్యమం పుట్టడం, రాజకీయాల్లో వేరూనడం, అధికారంలోకి రావడం, అధికారం నడపడం, చివరికి తీవ్రమవడమో చల్లబడటమో. నేను ఎక్కువగా పాక్స్టన్ పక్షం. చాలా దేశాల్లో ఫాసిస్టులు మొదటి దశలోనే ఆగిపోయారు. ఫలానా దేశం ఫాసిస్టా కాదా అని అడిగితే జవాబు అవునూ కాదుల్లో ఇరుక్కుంటుంది. ఏ దశ అని అడిగితే కదులుతుంది.

మాట తప్పుగా వాడితే ఎంత ఖర్చవుతుందో కూడా చెప్పాలి. 1928 తర్వాత కమ్యూనిస్టు ఇంటర్నేషనల్ సోషల్ డెమోక్రాట్లనే 'సోషల్ ఫాసిస్టులు' అన్నది. 1932 నవంబర్‌లో ఆ రెండు పార్టీల సీట్లు కలిపితే 221, నాజీలవి 196. కలవలేదు. మరుసటి వేసవికి రెండు పార్టీలవాళ్ళూ ఒకే క్యాంపుల్లో ఉన్నారు.

ఇక హైదరాబాదు. రజాకార్లన్న మీ మిత్రుడిది కొట్టిపారేసే వాదన కాదు. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య చనిపోయింది విసునూరు దేశ్‌ముఖ్ గూండాల తూటాకి. సంఘాలని అణచడానికి దొరలు మొదట సొంత మనుషులని, తర్వాత రజాకార్లని, నిజాం పోలీసుని వాడుకున్నారు. ఆ దొరల్లో హిందువులే ఎక్కువ. ఊళ్ళు తగలబెట్టడం, 1948 ఆగస్టులో బైరాన్‌పల్లి హత్యాకాండ, అదే నెలలో భారత్‌లో కలవాలని రాసిన 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లా ఖాన్ హత్య, వీటిలో పో మైదానం వాసన తెలుస్తూనే ఉంటుంది. మత్తెయోత్తీ గుర్తు రాకుండా ఉండడు.

అసలు పోలిక మాత్రం 1947 అక్టోబర్ 27 తెల్లవారుజాము. భారత ప్రభుత్వంతో ఒప్పందం కోసం ఢిల్లీ వెళ్ళాల్సిన ఛత్తారీ నవాబు, నిజాం న్యాయ సలహాదారు వాల్టర్ మాంక్టన్ వగైరాల ఇళ్ళని రజాకార్ల మాతృపార్టీ ఇత్తెహాద్ గుంపులు చుట్టుముట్టి కదలనివ్వలేదు. నిజాం ఆ గుంపుని రప్పించిన రజాకార్ల నాయకుడు ఖాసిం రజ్వీని జైల్లో పెట్టలేదు. ప్రతినిధి వర్గాన్నే మార్చాడు. ప్రధాని ఛత్తారీ పోయాడు, తర్వాత లాయక్ అలీ ప్రధాని అయ్యాడు. రోమ్ నడకకి సరిగ్గా పాతికేళ్ళు, ఒక్క రోజు తక్కువ. సంతకం పెట్టని రాజు అక్కడ, గుంపుకి తలొగ్గిన రాజు ఇక్కడ.

అయినా పూర్తిగా అతకదు. ఇత్తెహాద్ ప్రచారంలో 'అనల్ మలిక్' అనే మాట ఉండేది, అంటే పాలకుణ్ణి నేనే అని. రాజ్యం నిజాం ఒక్కడిది కాదు, ముస్లిం సముదాయానిది, అతను దానికి ప్రతీక మాత్రమే అని అర్థం. జాతికే సార్వభౌమత్వం అనే ఈ భావం ఫాసిజానికి దగ్గరిదే. కానీ రజాకార్లు కొత్త రాజ్యం కట్టడానికి బయల్దేరినవాళ్ళు కారు. వంశపాలనకి, కొద్దిమంది ఆధిపత్యానికి కాపలా కాయడం వాళ్ళ పని. అందరికీ ఓటున్న ఎన్నికల్లో నెగ్గే అవసరం వాళ్ళకి రాలేదు, జనాభా లెక్క చూస్తే నెగ్గే అవకాశమూ లేదు. ఫాసిస్టు పద్ధతులు వాడిన పాతరాజ్యపు దండు అంటే సరిపోతుంది. ముద్ర పార్టీ మీద వేస్తే దెబ్బ ఎవరికి తగులుతుందో కూడా ఇక్కడే నేర్చుకోవాలి. పోలీసు చర్య తర్వాత జరిగిన హింసని విచారించిన సుందర్‌లాల్ కమిటీ, తక్కువలో తక్కువగా లెక్కేసినా 27 నుంచి 40 వేల మంది చనిపోయారని అంచనా వేసింది. వాళ్ళలో ఎక్కువమంది రజాకార్లతో సంబంధం లేని ముస్లింలు.

ఎమర్జెన్సీ విషయంలో ఇంకో తమాషా ఉంది. ఆ రోజుల్లో ఫాసిస్టు అనే మాట రెండు వైపుల నుంచీ వచ్చింది. ఇందిరా గాంధీ, సీపీఐ కలిసి జేపీ (జయప్రకాశ్ నారాయణ్) ఉద్యమాన్ని ఫాసిస్టు అన్నారు. 1975 డిసెంబర్‌లో పట్నాలో ఫాసిస్టు వ్యతిరేక మహాసభ కూడా పెట్టారు. జేపీ అప్పటికే జనసంఘ్ సభలో, వాళ్ళు ఫాసిస్టులైతే నేనూ ఫాసిస్టునే అని ఉన్నాడు. ఆయన మనుషులు ఇందిరనే ఫాసిస్టన్నారు. 21 నెలల్లో విచారణ లేని జైళ్ళు, పత్రికలకి సెన్సారు, బలవంతపు ఆపరేషన్లు అన్నీ నిజం. కానీ అది పోలీసు, కలెక్టరు, ఆర్డినెన్సు నడిపిన పాలన. వీధిదండు దాన్ని మోయలేదు. 1977లో ఎన్నికలు పెట్టి ఓడి దిగిపోయింది కూడా. దానికి ముస్సోలినీ కంటే జర్మనీ 48వ అధికరణం దగ్గరి చుట్టం. అందుకే 1978లో 44వ సవరణ ఆ బొక్కే పూడ్చింది. 'ఆంతరంగిక అలజడి' తీసి 'సాయుధ తిరుగుబాటు' పెట్టారు, క్యాబినెట్ రాతపూర్వక సలహా తప్పనిసరి చేశారు, 20, 21 అధికరణాల హక్కులని నిలిపివేయడానికి వీల్లేకుండా చేశారు.

ఇవాళ్టి సంగతికి ముందు ఒక జాగ్రత్త. నల్లచొక్కా కనబడితేనే ఫాసిజం అనుకుంటే ఎప్పటికీ దొరకదు, బ్రిటన్ 1936లోనే రాజకీయ యూనిఫాంలు నిషేధించింది. గట్టిగా అరిచే నాయకుడల్లా ఫాసిస్టనుకుంటే ఎక్కడ చూసినా దొరుకుతుంది. వంశవృక్షం కూడా చాలదు. మెలోనీ పార్టీ జెండాలోని మూడు రంగుల జ్వాల 1946లో ముస్సోలినీ అనుచరులు పెట్టిన పార్టీ నుంచి వచ్చిందే. 2022లో ఆమె ప్రధాని అయినంత మాత్రాన ఇటలీ ఫాసిస్టు రాజ్యం అయిపోలేదు. మన దగ్గర 1931లో హిందూ మహాసభ నాయకుడు మూంజే రోమ్ వెళ్ళి ముస్సోలినీని కలిశాడు, అక్కడి బాలదళాలని చూసి మెచ్చుకున్నాడు. అదే ఏడాది డిసెంబర్‌లో గాంధీ కూడా కలిశాడు. 1936లో నెహ్రూ మాత్రం రోమ్ మీదుగా వస్తూ కలవనన్నాడు. ఇవన్నీ తెలుసుకోవలసినవే, ఇవాళ్టి ప్రభుత్వం ఏ దశలో ఉందో తేల్చడానికి మాత్రం చాలవు.

నా పద్ధతి చాలా నాటుది. ఒక నోటుబుక్కులో నాలుగు గడులు గీయండి: తేదీ, వీధిలో ఏం జరిగింది, స్టేషన్లో కోర్టులో ఏం జరిగింది, పైనుంచి ఎవరు ఏ సంతకం పెట్టారు. రెండో గడి పత్రికలే నింపుతాయి. అందరూ వదిలేసేది మూడు, నాలుగు గడులు. సున్నితమైన కేసులు తప్ప ఎఫ్‌ఐఆర్‌ని 24 గంటల్లో వెబ్‌సైటులో పెట్టాలని సుప్రీంకోర్టు 2016లో చెప్పింది, కాబట్టి పేర్లున్నాయా 'గుర్తు తెలియని వ్యక్తులు' అని రాశారా చూడొచ్చు. దెబ్బలు తిన్నవాళ్ళ మీద ఎదురు కేసుందా చూడండి. ఛార్జిషీటు 60 లేదా 90 రోజుల్లో పడకపోతే నిందితుడికి బెయిలు హక్కుగా వస్తుంది, ఆలస్యం ఎవరి కేసుల్లో జరుగుతోందో రాసుకోండి. కోర్టుల వెబ్‌సైటు ఈ-కోర్ట్స్‌లో 16 అక్షరాల సీఎన్‌ఆర్ నంబరు (ప్రతి కేసుకీ ఇచ్చే గుర్తింపు నంబరు) కొడితే వాయిదాల చిట్టా వస్తుంది. నాలుగో గడికి రెండు సెక్షన్లు గుర్తుపెట్టుకోండి: కొత్త నాగరిక సురక్షా సంహితలో 360 కింద ప్రభుత్వం కేసు ఉపసంహరించుకుంటుంది, 473 కింద శిక్ష తగ్గిస్తుంది. పొటెంపా హంతకులు బయటికొచ్చింది ఇలాంటి దారినే.

ఇక్కడ పొరపాటు పడే చోటు ఒకటుంది. కేసు ఎత్తేయడం దానంతటది లక్షణం కాదు. తెలంగాణ ఉద్యమ కేసులనీ ప్రభుత్వం ఎత్తేసింది. రైలు రోకో కేసుకీ మనిషిని చంపిన కేసుకీ తేడా మీ నోట్సులో కనిపించాలి. ఇంకోటి, మీకు నచ్చని పార్టీకి మాత్రమే నోటుబుక్కు పెడితే మీరు రాసేది కరపత్రం. బెంగాల్లో, కేరళలో పార్టీల వీధిహింస చాలా పాతది, అది ఒక్క రంగు జెండాదీ కాదు.

ఈ గడుల్లో కొన్ని వేసి చూద్దాం. గ్రీసులో 'గోల్డెన్ డాన్' పార్టీ 2012లో పార్లమెంటులోకి వచ్చింది, వీధిలో వలసకార్మికులని కొట్టేది. 2013లో గాయకుడు పావ్లోస్ ఫిస్సాస్ హత్య జరిగింది. 2020 అక్టోబర్ 7న కోర్టు ఆ పార్టీని నేరముఠాగా తేల్చి నాయకులని జైలుకి పంపింది. మూడో గడి గట్టిగా నిలబడింది. అమెరికాలో 2021 జనవరి 6న ట్రంప్ మద్దతుదారులు పార్లమెంటు భవనం మీద చేసిన దాడిలో శిక్షలు పడ్డాయి, 2025 జనవరి 20న సుమారు 1,500 మందికి ఒక్క సంతకంతో క్షమాభిక్ష వచ్చింది. అక్కడ తేడా కొట్టింది నాలుగో గడి. ట్రంప్‌కి ఆ మాట వాడొద్దని వాదిస్తూ వచ్చిన పాక్స్టన్, జనవరి 6 చూశాక అభిప్రాయం మార్చుకున్నాడు. ఆయన్ని మార్చింది నాయకుడి ఉపన్యాసం కాదు, ఆ గుంపు. మన దేశంలో 2002 గుజరాత్ సామూహిక అత్యాచారం, హత్యల కేసులో 11 మంది దోషులు 2022 ఆగస్టు 15న శిక్ష తగ్గింపుతో బయటికొచ్చారు. 2024 జనవరి 8న సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వు కొట్టేసి మళ్ళీ జైలుకి పంపింది. నాలుగో గడిలో తెరిచిన తలుపు మూడో గడిలో మూసుకుంది. మూకదాడుల మీద 2018లో అదే కోర్టు జిల్లాకో నోడల్ అధికారిని పెట్టమంది. మీ జిల్లాలో ఆ అధికారి ఎవరో ఆర్‌టీఐ వేసి అడగండి, మంచి అభ్యాసం.

ఢిల్లీ ప్రభుత్వానికి ఆ మాట సరిపోతుందా అన్న దాని మీద వామపక్షాల్లోనే ఏకాభిప్రాయం లేదు. 2025 మదురై మహాసభకి ముందు సీపీఎం 'నయా ఫాసిస్టు లక్షణాలు' అన్నది, ప్రభుత్వాన్ని ఫాసిస్టు అనడం లేదని వివరణ కూడా ఇచ్చింది. సీపీఐ, సీపీఐ (ఎంఎల్) లిబరేషన్ పార్టీలు దాన్ని తప్పుపట్టాయి. అసలు ఆ మాటే వద్దనేవాళ్ళు 2024లో బీజేపీ 240 దగ్గర ఆగి మిత్రుల మీద ఆధారపడటాన్ని, 2023లో తెలంగాణ ఓటరు కాంగ్రెస్‌ని గెలిపించడాన్ని చూపిస్తారు. ఇవి బలమైన అంశాలే, ముస్సోలినీ 1926 తర్వాత ఓడిపోగలిగే ఎన్నిక పెట్టలేదు. అవతలివాళ్ళు దానికి 1922కీ 1926కీ మధ్య నాలుగేళ్ళున్నాయి కదా అంటారు. అదీ తీసిపారేసేది కాదు. మీ వాదన టీ కొట్టు దగ్గర తెగకపోవడానికి కారణం ఒకరు చివరి దశ కొలతతో, ఇంకొకరు మొదటి దశ కొలతతో మాట్లాడటం.

చివరగా జవాబు పత్రంలో రాయకూడనివి. 'ఫాసిజాన్ని కార్పొరేటిజం అనాలి' అని ముస్సోలినీ అన్నాడనే వాక్యానికి ఆధారం దొరకలేదు. పైగా ఇటాలియన్‌లో 'కార్పొరాత్సియోనె' అంటే కంపెనీ కాదు, యజమానులనీ కార్మికులనీ కలిపి ప్రభుత్వం కట్టిన వృత్తిసంఘం. 1934లో అలాంటివి 22 పెట్టారు. రైళ్ళు టైముకి నడిపాడన్నదీ సగం ప్రచారమే, బాగుపడటం అతనికి ముందే మొదలైంది. 'ఫాసిజానికి 14 లక్షణాలు' అని వాట్సాప్‌లో తిరిగే జాబితాలు రెండున్నాయి. ఒకటి 1995లో ఇటాలియన్ రచయిత ఉంబర్టో ఎకో రాసింది. రెండోది 2003లో లారెన్స్ బ్రిట్ అనే ఆయన ఒక పత్రికలో రాసింది, ఫార్వర్డ్ అవుతూ అవుతూ ఆయన పేరు ముందు డాక్టర్ చేరింది. ఎకోది వాడితే ఎకో పేరు రాయండి, రెండూ కలిపేయకండి.